మూలుగ బయట

నమోదు 14

ఆరోగ్య మండలివారికి. దాత పేరు కుముద. సముద్రపు గోడ మీద, ఆరో వంటశాలలో వంట చేస్తాను. గ్రహీత నా తమ్ముడు శరభ. దిగుడు జట్టులో పనివాడు. గోడకు నీటి అడుగున పడే బీటలు పూడుస్తాడు. అడుగున మునిగిపోయిన ఫ్యాక్టరీల విషం ఇంకా నీళ్ళలో ఊరుతూనే ఉంది. అందువల్ల దిగుడు పనివాళ్ళలో రక్తపు క్యాన్సరు మామూలైపోయింది. మా వాడికీ వచ్చింది. నా మూలకణాలు వాడికి ఎక్కించి ఏడాది దాటింది. దాతలందరూ ఈ గోడపెట్టెలో మాట్లాడాలని మీ నిబంధన కాబట్టి మాట్లాడుతున్నాను.

తమ్ముడు మళ్ళీ పనిలో చేరాడు. మొదటి రోజు నీళ్ళలోంచి వచ్చి, ఒళ్ళు కూడా సరిగా తుడుచుకోకుండా కంచం ముందు కూర్చున్నాడు. ఉప్పునేలల్లో పండే బియ్యాన్ని ఎన్ని నీళ్ళలో కడిగినా కాస్త చేదు మిగులుతుంది. వాడు మాత్రం గోంగూర కలుపుకుని వేళ్ళు నాకుతూ తిన్నాడు.

"అక్కా, ఇంకాస్త పులుపు తగిలించు. ఒంట్లో నీ రక్తం పారతంది కదా, నీ పులుపు యావ నాకూ పట్టుకుంది," అన్నాడు.

జట్టంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాడి రక్తం గ్రూపు కూడా మారిపోయి నాదే అయింది మరి.

వాడి మణికట్టు మీద పచ్చ చుక్క వెలుగుతోంది. తుంటి ఎముకలో మీరు పెట్టిన పూస మూలుగను చదువుతూ, జబ్బు లేకపోతే ఆ చుక్కను పచ్చగా, ఉంటే ఎర్రగా వెలిగిస్తుంది. పూస రాకముందు తుంటిలోకి లావుపాటి సూది దించి మూలుగ తీసేవాళ్ళు. శరభకు జబ్బు మొదలైనప్పుడు ఒకసారి అలాగే తీశారు. నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని అరిచాడు. అందుకే ఆ పూసంటే నాకు గౌరవం.

గోడపెట్టె ఎప్పటిలాగే జవాబిచ్చింది: "మూలుగ శుభ్రం. ధన్యవాదాలు."

నమోదు 17

నిన్న మధ్యాహ్నం హైమ వంటశాలకు వచ్చింది. హైమ శరభ భార్య. సముద్రపు నాచు ఆరబెట్టే చోట పని. నేను గుండిగలు తోముతున్నాను. సముద్రపు నీళ్ళతో తోమి, చివర్లో ఒక్క చెంబెడు మంచినీళ్ళు తిప్పి బోర్లించాలి. హైమ వచ్చి, నేను బోర్లించిన గుండిగనే తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"కడిగేశాను కదమ్మా," అన్నాను.

"ఊ," అంది గానీ తోముతూనే ఉంది. కాసేపటికి, "మీకు చెప్పానని తెలిస్తే ఆయన నా మొహం చూడరొదినా," అంది.

"ఏమైంది?"

"ఆయనకి... కింద... ఒక పక్క గట్టిపడింది. రాయిలాగా. నెప్పి లేదంటన్నారు. వానల ముందు ఇంత లేదు. ఇప్పుడు..." అంటూ పిడికిలి బిగించి చూపించి, వెంటనే ఆ చెయ్యి కొంగు కింద దాచుకుంది.

చిన్నప్పుడు వాడికి నీళ్ళు పోసింది నేనే. ఇప్పుడు ఆ మాట వాణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం కంచంలో అన్నం పెడుతూ, "ఒంట్లో బాగుంటోందా?" అన్నాను. "నాకేం, బండలాగున్నా," అన్నాడు. కూర్చునేటప్పుడు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు.

అందుకని మీకు చెబుతున్నాను. నా తమ్ముడికి వృషణంలో గడ్డలాంటిది ఉంది. పిలిపించి పరీక్ష చేయించండి.

"మూలుగ శుభ్రం. ధన్యవాదాలు."

నమోదు 18

మీరు పరీక్షకు పిలవలేదు. కానీ నేను చెప్పింది పనుల విభాగానికి పంపారు. వాళ్ళు జట్టు మేస్త్రీ జోజిబాబుకు పంపారు. ఆయన ఇవాళ ఉదయం మెట్ల దగ్గర అందరి ముందూ, "ఏరా శరభా, కింద వాచిందంట కదా, అయితే దిగమాకు," అన్నాడట.

శరభ నేరుగా నా దగ్గరకు వచ్చాడు. దిగుడు బట్టలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి.

"గోడకి చెప్పావా అక్కా?"

"చెప్పాను."

"నా మానం తీశావు. వాళ్ళంతా నవ్వారు."

"నవ్వితే నవ్వనీ. డాక్టరుకి చూపించరా."

మణికట్టు తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "ఇదేం రంగు? చెప్పు, ఏం రంగు?"

"అది ఎముకల్లో సంగతే చెబుతుందిరా."

"నా ఒంటి సంగతి నాకు తెలవదా? చెప్పడానికి నువ్వెవరు?"

నాకూ కోపం వచ్చింది. "ఆ ఒంట్లో పారేది నా రక్తం," అన్నాను. అనకూడని మాట అని, అంటుండగానే తెలిసింది.

 వాడు మెల్లగా, "అయితే తీసుకుపో. వచ్చి తీసుకుపో నీ రక్తం," అని వెళ్ళిపోయాడు.

నమోదు 20

పనిలోకి మళ్ళీ దిగాలంటే డాక్టరు సరేననాలి కాబట్టి శరభ వైద్యశాలకు వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. హైమ వెళ్ళింది.

గోడకు ఉన్నది ఒక్క డాక్టరు, సుధన్వ. చదువు పూర్తిచేసి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. శరభ మణికట్టు చూశాడట, తెర మీద పూస పంపిన అంకెలు చూశాడట. "వరిబీజం. నీళ్ళ ఒత్తిడికి కిందికి నీరు దిగి ఉంటుంది. గుడ్డ బిగించి కట్టుకో," అన్నాడట. బట్టలు విప్పమనలేదు, ముట్టుకోలేదు.

మధ్యాహ్నం శరభ వంటశాల కిటికీలోంచి తల పెట్టి, "వరిబీజం! విన్నావా? వరిబీజం!" అని అరిచాడు. ముసలాళ్ళకొచ్చే రోగం వచ్చినందుకు అంత సంబరపడినవాణ్ణి నేను చూడలేదు. నమ్మాలనిపించింది. నమ్మాను కూడా. ఆ పూట ఎండు చేపల పులుసు చేసి వాడింటికి పంపాను.

నమోదు 24

వాడు మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్నాడు. మాతో కలిసే తింటున్నాడు. ఇవాళ మిరపకాయ పచ్చడి వేశాను. తింటూ ఉంటే గడ్డం మీదుగా ఎర్రగా కారింది. పచ్చడనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే రక్తం.

"పెదవి కొరుక్కున్నావురా."

"ఎక్కడ?" అని పైపెదవి తడుముకున్నాడు. కిందిది సగం తెగి ఉంది.

"నెప్పి లేదా?"

"ఆ పక్కంతా మొద్దుబారిపోయింది. పన్ను పీకేటప్పుడు మందు పెడతారే, అట్టా ఉంది. కొన్నాళ్ళ నుంచీ అంతే."

చిటికెడు ఉప్పు తీసి ఆ గాయం మీద అద్దాను. వాడు నా ముఖంలోకి అలా చూస్తూనే ఉన్నాడు. కళ్ళు కూడా ఆర్పలేదు. అది ఉప్పని నేను చెప్పాక అప్పుడు భయపడ్డాడు.

పొయ్యి మీది గుండిగ అలాగే వదిలేసి వాణ్ణి వైద్యశాలకు తీసుకెళ్ళాను. ఈసారి వద్దనలేదు. డాక్టరు సుధన్వ మళ్ళీ మణికట్టు వైపు చూడబోతే నా చెయ్యి దానికి అడ్డం పెట్టాను.

"చేత్తో చూడండి బాబూ," అన్నాను.

ఆయన ముఖం కందిపోయింది. "చేత్తో చూడటం మాకు నేర్పలేదమ్మా. పూస వచ్చాక ఆ పాఠం తీసేశారు." గొంతు తగ్గించి, "మీరు గోడపెట్టెలో చెప్పేవన్నీ నాకూ వస్తాయి. విన్నాను. పచ్చ చుక్క ఉన్నవాడికి సూది గుచ్చితే మండలి సంజాయిషీ అడుగుతుంది. భయపడ్డాను," అన్నాడు.

"ఇప్పుడు?"

ఆయన దుప్పటి ఒకటి అడ్డం కట్టాడు. నేను బయట నిలబడ్డాను. వచ్చాక చేతులు కడుక్కుంటూ చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు.

"అది నీరు కాదు," అన్నాడు.

నమోదు 26

గడ్డలోంచి చిన్న ముక్క, వెన్నులోంచి నీరు తీసి కొండమీది నగరానికి పంపారు. జవాబు వచ్చింది. రెండు చోట్లా పాత జబ్బే.

డాక్టరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "మూలుగలో కుముదగారి కణాలు కాపలా కాస్తున్నాయి. అక్కడ పాత కణం ఒక్కటి కూడా లేదు. కానీ ఒంట్లో కొన్ని చోట్లకు ఆ కాపలా సరిగా వెళ్ళదు. వృషణాలు, మెదడు చుట్టూ ఉండే నీరు, అలాంటివి. ముందు ఇచ్చిన మందులు కూడా అక్కడికి సరిగా చేరవు. అక్కడ దాక్కున్నవి మిగిలిపోయి పెరిగాయి. పెదవి మొద్దుబారిందీ అందుకే."

"మరి పూస?" అంది హైమ.

"పూస మూలుగనే చదువుతుందమ్మా. ఆ మూలుగ ఇప్పుడు..." అని నా వైపు చూసి ఆగిపోయాడు.

మిగతాది నేను చెప్పాను. "నాది."

మండలివారూ, మీ పూస బాగానే పనిచేసింది. ఇన్నాళ్ళూ మీరు వాడి తుంటిలో కూర్చుని నా ఆరోగ్యం చదివారు. నేను బాగున్నాను. సంతోషమా?

శరభ ఒక్కటే అడిగాడు. "మొదట వచ్చినప్పుడే చూసుంటే?"

డాక్టరు తల దించుకున్నాడు.   ఇంటికి వచ్చాక శరభ వరిబీజానికని బిగించుకున్న గుడ్డ విప్పి మూలకు విసిరికొట్టాడు.

నమోదు 29

వైద్యానికి అనుమతి కోరుతూ డాక్టరు రాసినదానికి మీరిచ్చిన జవాబును మాకు చదివి వినిపించాడు. "గ్రహీత మూలుగ శుభ్రంగా ఉన్నందున వ్యాధి తిరగబెట్టినట్టు పరిగణించలేము." తిరిగి రాశాడు. మళ్ళీ అదే వచ్చింది. చివరికి తనే పడవెక్కి, గాజుపలకల మీద ఆ కణాలు పెట్టుకుని కొండమీది మీ మండలికి వచ్చాడు. మీలో ఎవరో ఒకరు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చూశారట. ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

ఆ వారాలన్నీ గడిచేసరికి శరభ ఎడమ కన్ను మూతపడటం మానేసింది. నిద్రపోయేటప్పుడు హైమ తడిగుడ్డ కప్పుతోంది. బుగ్గ జారింది. నవ్వితే సగం ముఖమే నవ్వుతుంది కాబట్టి వాడు నవ్వడం లేదు.

నమోదు 33

కొండమీది ఆస్పత్రిలోని గోడపెట్టె నుంచి. ఇక్కడ మంచినీళ్ళు కుళాయి తిప్పితే వస్తాయి, ఎంత వాడినా ఎవరూ ఏమీ అనరు. హైమ మొదటి రోజు కుళాయి కింద చేతులు పెట్టి అలా నిలబడిపోయింది.

గడ్డ ఉన్న వృషణం తీసేశారు. రెండోదానికి, తలకు కిరణాలు పెట్టారు. వెన్నులోకి మందు ఎక్కిస్తున్నారు. ఇవాళ మళ్ళీ నా దగ్గర తెల్లకణాలు తీసుకున్నారు. ఇవి పోయి ఆ దాక్కున్నవాటిని వెతికి చంపాలి. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం దాచకుండా చెప్పింది. "ఇవి జబ్బునీ కొడతాయి, మీ తమ్ముడి మంచి అవయవాలనీ కొట్టొచ్చు. రెంటినీ విడదీసి పంపడం మాకింకా చేతకాలేదు."

నా చేతికీ వాడి చేతికీ గొట్టాలు పెట్టి పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. మధ్యలో యంత్రం.

"ఈసారైనా గట్టివాళ్ళని పంపక్కా," అన్నాడు.

"వంటశాలలో వాళ్ళేరా ఉన్నది. గరిటెలు పట్టుకుని వస్తారు."

వాడి సగం ముఖం నవ్వింది. కాసేపటికి, "ఆ రోజు తీసుకుపొమ్మన్నా కదా. మళ్ళీ ఇస్తన్నావు," అన్నాడు.

"ఊరుకో," అన్నాను. 

నమోదు 36

నిన్న ఉదయం శరభ టీ తాగుతూ, "అబ్బా, కాలింది!" అన్నాడు. ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కింది పెదవికి స్పర్శ వచ్చింది. హైమ పరుగెత్తుకుంటూ వెళ్ళి, వార్డులో ఎవరెవరికో చెప్పి వచ్చింది. వాడు ఆ వేడి టీనే మళ్ళీ మళ్ళీ పెదవికి ఆనించుకున్నాడు.

ఇవాళ అరచేతులు ఎర్రబడ్డాయి.

నమోదు 37

అరచేతుల తోలు ఊడి వస్తోంది. వీపంతా కాలిన మచ్చల్లా ఉంది. తిన్నది కడుపులో నిలవడం లేదు, కళ్ళు పసుపు తిరిగాయి. నా కణాలే. వాడి చర్మాన్నీ పేగుల్నీ కాలేయాన్నీ పరాయివనుకుని మీదపడ్డాయి. వాటిని అదుపు చేయడానికి మందిస్తున్నారు. ఆ మందిస్తే జబ్బు మీద కూడా వాటి బలం తగ్గుతుందట.

హైమ వాడి చేతులకు మందు నూనె రాస్తుంటే పక్కన కూర్చున్నాను. "ఇందులో మీరు చేసిందేం లేదొదినా," అంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

నమోదు 39

భుజం వెనక చర్మం కింద కొత్త గడ్డ. నడుము దగ్గర ఇంకొకటి, వెన్నుపూసను ఆనుకుని. కాళ్ళు స్వాధీనం తప్పాయి. మూలుగ మాత్రం ఇప్పటికీ శుభ్రమే. ఇక్కడ పడుకున్న వాళ్ళలో మా వాడి మూలుగ అంత శుభ్రమైనది ఇంకొకటి ఉండదు.

ఇంకోసారి కణాలు ఎక్కిద్దామా అని డాక్టరమ్మ అడిగింది. నేను రవిక చెయ్యి పైకి మడిచాను.

"వద్దు," అన్నాడు శరభ.

"నాకేం కాదురా. ఎంతైనా ఇస్తాను."

"నీకేం కాదని తెలుసు. నాకే అయ్యేది." గొంతులో కోపం లేదు. "ఆ గడ్డల మీద కంటే నా మీదే ఎక్కువ కలబడతన్నాయక్కా. నా పేగులు నాకు కాకుండా పోయినయ్యి. ఇక చాలు. ఇంటికి పోదాం."

హైమ నన్ను చూసింది, వాడికి చెప్పమని.  మడిచిన రవిక చెయ్యి కిందికి దించాను.

రేవులో దిగేసరికి జట్టువాళ్ళు వచ్చి ఉన్నారు. జోజిబాబు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా శరభను తన వీపు మీద వేసుకుని గోడ మెట్లన్నీ ఎక్కాడు. పైకి వచ్చాక దింపి, "ఆ రోజు అందరి ముందూ అనకుండా ఉండాల్సిందిరా," అన్నాడు.

"పోన్లే మేస్త్రీ. నువ్వు అనకపోతే నేను డాక్టరు దగ్గరికే పోయేవాణ్ణి కాదు. పోయినా ఏం ఒరిగింది గానీ," అన్నాడు శరభ.

నమోదు 41

తమ్ముడు పోయాడు.

ఉదయం జట్టుకు వడ్డిస్తున్నాను. హైమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. నాకు తెలిసిపోయింది. సగం పంక్తికి ఇంకా అన్నం పడలేదు. అలలు వెనక్కి తగ్గే వేళకు వాళ్ళు నీళ్ళలో ఉండాలి, ఖాళీ కడుపుతో దిగితే పైకి రాకపోవచ్చు. మిగతా కంచాలన్నిటిలోకీ వడ్డించాను. ఎవరూ తలెత్తలేదు. జోజిబాబు ఒక్కడు మాత్రం కంచం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని హైమ వెనకాల వెళ్ళాడు.

దహనానికి ముందు మీ మనిషి వచ్చి పూస తీసుకెళ్ళాడు. ఇంకొకరికి పెడతారట.

"ఎవరికి?" అని అడిగాను.

"జాబితాలో ముందున్నవాళ్ళకి. బాగా పనిచేస్తోందమ్మా, పారెయ్యడమెందుకు?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

నమోదు 42

గ్రహీత లేడు కాబట్టి ఇక నేను మాట్లాడనక్కర్లేదని గోడపెట్టె చెప్పింది. అయినా చెబుతున్నాను. సుధన్వ వింటాడు. ఆయన ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు, మీరు సంజాయిషీ అడిగారని విన్నాను. ఉన్నన్నాళ్ళు చేత్తోనే చూస్తానని పరీక్ష బల్ల చుట్టూ తెర ఒకటి కట్టించుకున్నాడు. ఎవరూ వెళ్ళడం లేదు. అందరి చుక్కలూ పచ్చగా ఉన్నాయి.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల మధ్యలో హైమ వచ్చింది. పంక్తి చివర నిలబడింది. ఆడవాళ్ళు ఆ వేళప్పుడు అక్కడికి రారు. తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"మా ఆయన ఎట్టా పోయాడో మీకందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ అనరు. నేనంటా," అంది. "వృషణంలో గడ్డ. అక్కడ మొదలైంది. నేను చూశా. చూసి కూడా సిగ్గుపడి వానలన్నీ అయిపోయేదాకా నోరు తెరవలేదు. ఆయనా సిగ్గుపడ్డాడు. మీలో చాలామందికి వేరేవాళ్ళ మూలుగ ఉంది. చుక్క పచ్చగా ఉంటే ఉండనీయండి. అక్కడ గానీ, చంకలో గానీ, కంటి వెనక గానీ ఏది తేడాగా ఉన్నా పోయి చూపించుకోండి. మీ ఆడవాళ్ళకీ చెప్పండి, రొమ్ములో వచ్చినా అంతే."

కుర్రవాడొకడు కిసుక్కున నవ్వాడు. "నవ్వమాకు," అన్నాడు జోజిబాబు. వాడు కంచంలోకి చూశాడు. హైమ ఇంకా ఏదో చెప్పబోయి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.  పంక్తిలోవాళ్ళు గబగబా తిని లేచారు. ఆమె పడిన కష్టమంతా గాలికి పోయిందనుకున్నాను.

గిన్నెలు తీస్తుంటే పోలయ్య బాబాయి ఇంకా కూర్చునే ఉన్నాడు. జట్టులో అందరికంటే పెద్దవాడు. చెల్లెలి మూలకణాలు ఎక్కించుకుని మళ్ళీ పనిలోకి వచ్చినవాడు. కంచంలో అన్నం అలాగే ఉంది. నేను దగ్గరికి వెళ్ళేదాకా నేల చూస్తూ ఉన్నాడు.

"డాక్టరు ఉన్నాడంటావా అమ్మా, ఇప్పుడు?"

"ఉన్నాడు బాబాయ్."

లేచి, రెండడుగులు వేసి ఆగాడు. "నువ్వు కూడా గుమ్మం దాకా రారాదూ? ఒక్కణ్ణీ పోలేను."

పొయ్యి ఆర్పేసి, తడి చేతులు చీరకు తుడుచుకుని, ఆయన పక్కన నడిచాను.